లబాట్ 50: ఆరేళ్లుగా తాగుతున్న ఏల్ గురించి

కెనడాలోని ఒంటారియోకు వచ్చిన కొత్తలో లబాట్ 50 అనే బీరు గురించి నేను తొందరపడి ఒక నిర్ణయానికి వచ్చేశాను. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్న క్యాన్‌ను తెరిచి, సగం అలాగే గటగటా తాగి, ఇందులో చెప్పుకోదగిన రుచేమీ లేదనుకున్నాను. ఆరేళ్లుగా నెలకు రెండు మూడు సార్లు తాగుతూ వచ్చాక తెలిసింది, లోపం బీరులో లేదని, నేను దాన్ని మరీ చల్లగా తాగుతున్నానని.

బీరులో ప్రధానంగా లాగర్, ఏల్ అని రెండు రకాలు. చూడటానికి లాగర్‌లా ఉన్నా ఇది ఏల్. లాగర్ ఈస్ట్ చల్లదనంలో నెమ్మదిగా పనిచేస్తుంది. ఏల్ ఈస్ట్ అంతకన్నా వెచ్చగా, త్వరగా పులియబెడుతుంది, పండ్ల వాసననిచ్చే ఎస్టర్లు ఆ వెచ్చదనంలోనే ఎక్కువగా పుడతాయి. మంచులా చల్లబరిస్తే ఆ వాసన ముక్కుకు అందదు, గ్యాసు చురుకూ కాస్త తీపీ మాత్రమే మిగులుతాయి. అందుకే ఇప్పుడు ఫ్రిజ్‌లోంచి తీసి పావుగంట బల్లమీద ఉంచి, తప్పకుండా గ్లాసులో పోసుకునే తాగుతాను.

రంగు లేత బంగారం, గ్లాసు అవతలి అక్షరాలు చదవగలిగేంత తేట. తెల్లటి నురగ బాగానే లేచినా త్వరగా పలుచని పొరగా దిగిపోతుంది. మొదట నానిన ధాన్యం వాసన, దాని వెనక ఉడికించిన మొక్కజొన్న పొత్తును తలపించే తీపి, ఇంకాస్త వెచ్చబడ్డాక ఆపిల్ తొక్కలాంటి సన్నని పరిమళం తెలుస్తాయి. నాలుకకు మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం) తీపి ముందుగా తగులుతుంది. బీరులో వేసే హాప్స్ పూల చేదు మాత్రం చివర్లో, పోపులో వేగిన మెంతిగింజ పంటి కింద పడినంత సేపే ఉండి, నోటిని పొడిగా చేసి వెళ్ళిపోతుంది. ఆల్కహాల్ 5 శాతమే కనుక గొంతులో మంట ఉండదు.

లబాట్ సంస్థ వ్యవస్థాపకుడి మనవలైన జాన్, హ్యూ సోదరులు తమ భాగస్వామ్యానికి యాభై ఏళ్లు నిండిన గుర్తుగా 1950లో దీన్ని విడుదల చేశారు. 1979లో అదే సంస్థవారి లాగర్ లబాట్ బ్లూ దాటిపోయేవరకు కెనడాలో అత్యధికంగా అమ్ముడైన బీరు ఇదే. క్యూబెక్‌లో ఇప్పటికీ దీన్ని ఫ్రెంచిలో ‘సాంకాంత్’ (యాభై) అంటే చాలు, ఇంకేమీ చెప్పనక్కరలేదు.

మన తిండితో దీని పొత్తు నాకు ప్రత్యేకంగా నచ్చుతుంది. హాప్స్ దట్టించిన ఐపీఏ రకం చేదు ఏల్‌లు కోడి వేపుడు కారాన్ని మరింత రగిలిస్తాయి, ఇది మాత్రం తన తీపితో దాన్ని చల్లారుస్తుంది. ఉల్లిపాయ పకోడీకి, వేయించిన పల్లీలకు కూడా ఇంతే బాగా కుదురుతుంది. కాని వట్టిగా తాగితే, రెండో గ్లాసుకు దీని పలుచదనం తెలిసిపోతుందని ఒప్పుకోవాలి.

కొనేటప్పుడు తేదీ చూడటం మరవకూడదు. ఒకసారి ఒక దుకాణంలో చాలాకాలంగా నిలవ ఉన్న పెట్టె కొని తెస్తే, ప్రతి గుక్కా తడిసిన అట్టముక్క రుచే ఇచ్చింది. ఇంత సున్నితమైన బీరులో పాతబడిన రుచిని కప్పిపుచ్చడానికి వేరే ఘాటేమీ ఉండదు. 473 మిల్లీలీటర్ల పెద్ద క్యాన్‌ను ఒకేసారి పోయకుండా రెండు విడతలుగా పోసుకుంటాను. ఆపిల్ పరిమళం నాకు దాదాపు ఎప్పుడూ ఆ రెండో విడతలోనే దొరుకుతుంది.