పులికాట్‌లో మోకాలి లోతు నీళ్లు: నల్గొండ నుంచి రెండు రోజుల ట్రిప్పు

నల్గొండ వాళ్లకు నీళ్లంటే సాగరే. 590 అడుగులకు వచ్చిందా, గేట్లు ఎత్తారా అని ఫోన్లు చేసుకునే జనం మేం. అందుకే డిసెంబర్ చివర్లో ఆంధ్ర-తమిళనాడు సరిహద్దులోని పులికాట్ సరస్సు ఒడ్డున నిలబడగానే మా బావమరిది మొహం వాడిపోయింది. "ఇంతేనా బావా? గీ నీళ్లల్ల మా బర్రె గూడ మునగదు" అన్నాడు.

అన్న మాట నిజమే. కనుచూపు మేర నీళ్లే, కానీ చాలా చోట్ల లోతు మీటరు అటూ ఇటూ. చిలికా తర్వాత దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సముద్రానికీ దీనికీ మధ్య శ్రీహరికోట దీవి అడ్డంగా పడుకుని ఉంటుంది. ఈ లోతు తక్కువే అసలు విశేషమని మర్నాటికి గానీ మాకు అర్థం కాలేదు.

వెళ్లడం సులువే. సాయంత్రం నల్గొండలో నారాయణాద్రి ఎక్కి పడుకుంటే తెల్లారకముందే గూడూరు. అలారం పెట్టుకోకపోతే తిరుపతిలో తేలతారు. గూడూరు నుంచి బస్సులో సూళ్లూరుపేట. బస మాత్రం మమ్మల్ని ఏడిపించింది. ఆన్‌లైన్ ఫొటోల్లో మెరిసిపోయిన లాడ్జి గదిలో గీజర్ స్విచ్‌కి ఎర్ర లైటు వెలిగింది గానీ నీళ్లు వేడెక్కలేదు. దోమలైతే సరే సరి. రాత్రంతా చిన్నది కాళ్లు గోక్కుంటూనే ఉంది. అలాంటి గదికి 1,400 రూపాయలు చాలా ఎక్కువ.

పొద్దున్నే ఆటో మాట్లాడుకుని నేలపట్టు వెళ్లాం. హైవే మీద నాయుడుపేట వైపు వెళ్తుంటే దొరవారిసత్రం దగ్గర తిరగాలి. 1976 నుంచి పక్షుల రక్షిత కేంద్రం. చెరువు నీళ్లలోనే నిలబడి ఉన్న కడప చెట్ల మీద గూడబాతుల (పెలికాన్ల) గూళ్లు. వాచ్‌టవర్ ఎక్కేసరికి ముందు వాసన కొట్టింది, ఆ తర్వాత గోల వినిపించింది. ఒక గూటిలో పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి తలంతా దూర్చేసింది. మెడ దాకా లోపలికి పోయింది. "అమ్మో, మింగేస్తోంది నాన్నా!" అని చిన్నది నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాసేపటికి పిల్ల తల బయటికి తీసి నోరు ఆడించింది. తల్లి తెచ్చిన చేపలు తింటోందన్నమాట. ఆ చేపలు ఈ చెరువులోవి కావు, ఎక్కువగా పులికాట్‌వే. కాపురం ఇక్కడ, మేత అక్కడ. రెట్టలు కలిసిన ఈ చెరువు నీళ్లు పొలాలకు బలమని ఊరివాళ్లు ఈ పక్షుల జోలికి పోరు. యూరియా కోసం లైన్లో నిలబడ్డ మనకు ఆ లెక్క వెంటనే తలకెక్కుతుంది.

పొడుగు కాళ్ల ఫ్లెమింగో పక్షుల కోసం మాత్రం సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పట్టాలి. రాకెట్ కేంద్రం గేటు దాకా సుమారు 18 కిలోమీటర్లు, అందులో పెద్ద భాగం సరస్సు మధ్యలోంచే. టికెట్ లేదు, గైడ్ లేడు, ట్రిప్పు మొత్తంలో ఇదే బెస్ట్. అటకానితిప్ప దాటాక ఆటో ఆపించాం. ఒడ్డుకు దగ్గర్లోనే ఓ వంద దాకా పక్షులు తల కిందులుగా నీళ్లలో పెట్టి, కాళ్లతో బురద తొక్కుతూ జల్లెడ పట్టినట్టు మేస్తున్నాయి. నాచు, సన్న రొయ్యలు వాటి ముక్కులో మిగిలి, నీళ్లు బయటికి పోతాయి. లోతుంటే ఈ మేత కుదరదు. గుడ్లు పెట్టేది అక్కడెక్కడో కచ్ ఎడారిలో, తిండికి మాత్రం ఇక్కడికి. లారీ హారన్‌కి ఒక్కసారిగా లేచాయి. తెల్లగా కనిపించిన రెక్కల కింద అంత ఎరుపు దాగి ఉందని అప్పుడే తెలిసింది. బావమరిది బర్రె ఊసు మళ్లీ ఎత్తలేదు.

కానీ ఆ రోడ్డు కోసం పోసిన గట్టే సరస్సును రెండుగా కోసి, అటు నీళ్లు ఇటు రాకుండా అడ్డుపడుతోంది. సముద్రంలోకి తెరుచుకునే ముఖద్వారాలేమో ఇసుకతో పూడుతుంటాయి. వేసవిలో ఉత్తరం వైపు ఎండిపోయి ఉప్పు తేలుతుంది. ఈశాన్య రుతుపవనాల వానలు పడి స్వర్ణముఖి, కాళంగి పారితేనే మళ్లీ జీవం. ఎండాకాలం సెలవులకు పిల్లల్ని తీసుకెళ్దామనుకునేవాళ్లు మానుకోండి. నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి లోపే వెళ్లాలి. జనవరిలో ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లో స్టాళ్లు, పాటలు, సందడి కావాలంటే సరే, పక్షులు కావాలంటే ఆ రోజులు వదిలేయండి.

భీమునివారిపాలెంలో పడవ ఎక్కాం. సాగర్ లాంచీలో నాగార్జునకొండ వెళ్లొచ్చిన వాళ్లకు ఇది ఆనదు. ఒకచోట పడవ అడుగు బురదకు తగిలి ఆగితే, పడవాయన గెడతో నెట్టి కదిలించాడు. లైఫ్ జాకెట్ అడిగి మరీ వేసుకోండి, నీళ్లు తక్కువేలే అనుకోవద్దు. అరగంట చాలు.

తిండి విషయంలో మా ఆవిడ తీర్పు: పీత పులుసు అద్భుతం, అన్నం మరీ మెత్తన. రోడ్డు మీద బాత్రూమ్‌లు కనిపించలేదు, ఆడవాళ్లతో వెళ్లేవాళ్లు ఆ పని సూళ్లూరుపేటలోనే చూసుకుని బయల్దేరాలి. బైనాక్యులర్స్ కూడా ఇంటి నుంచే తెచ్చుకోవాలి. మేం పక్కవాళ్లవి అడుక్కున్నాం. ఈసారి వెళ్తే గది నాయుడుపేటలో చూస్తా, నేలపట్టుకు అదీ దగ్గరే. దోమల చక్రాలు మాత్రం నల్గొండలోనే కొనుక్కుని పోతా.