ఉన్నికి రంగు వేసే కిట్: వంక రంగుకి కాదు, కాగితానికే

బొగ్గుని వేడిచేసి కోక్ తీసే ఓవెన్ల దగ్గర ముప్పై ఏళ్ళు వెయ్యి డిగ్రీల పైన లెక్కలు చూసి రిటైరైనవాణ్ణి. మొన్న గ్యాస్ స్టవ్ మీద తపేలాడు వేణ్ణీళ్ళ దగ్గర బోల్తా పడ్డాను.

ఇంట్లోనే ఉన్నికి రంగు వేసుకునే కిట్ ఆన్‌లైన్‌లో తెప్పించాను, 1,650 రూపాయలు. డబ్బాలో ఇంకా వడకని తెల్ల మెరినో గొర్రె ఉన్ని 50 గ్రాముల చుట్టలు నాలుగు, ఎరుపు, పసుపు, నీలం పొడులు ఐదేసి గ్రాములు, నిమ్మ ఉప్పు ప్యాకెట్, చేతి తొడుగులు, బుల్లి ప్లాస్టిక్ చెంచా, ఎలా చెయ్యాలో చెప్పే కాగితం.

వైజాగ్‌లో ఉన్నేమిటని మీరు అడిగేలోపే మా ఆవిడ అడిగేసింది, “ఈ ఉక్కలో ఉన్ని ఎవరు కప్పుకుంటారండీ?” అని. కప్పుకోవడానికి కాదు, వడకడానికి. మా అమ్మది ఖద్దరుకి పేరుపడ్డ పొందూరు పక్కన. చిన్నప్పుడు మాకు స్కూల్లో తకిలి (చేత్తో తిప్పి దారం వడికే చిన్న కదురు) పీరియడ్ కూడా ఉండేది. రిటైరయ్యాక మళ్ళీ తకిలి పట్టాను. పత్తి పోగు పొట్టిది, నా చేతిలో తెగిపోతుంది. మెరినో పొడుగ్గా సాగి వస్తుంది. తెల్లదారం వడికి వడికి విసుగొచ్చి రంగుల్లో దిగాను. ముందు పటిక పట్టించి పసుపుతో చేస్తే బ్రహ్మాండంగా వచ్చింది, రెండు వారాల్లో బాల్కనీ ఎండకి పాలిపోయింది. ఏటికొప్పాక బొమ్మల వాళ్ళు గింజలతోనూ బెరళ్ళతోనూ రంగులు తీస్తారు గానీ, ఆ పనితనం తరాలది. నాకు కిట్టే గతి అనుకున్నాను.

కాగితంలో “పది నిమిషాలు మరిగించి చల్లటి నీళ్ళలో జాడించండి” అని ఉంది. అలాగే చేశాను. ఉన్ని పోగు ఒంటినిండా పొలుసులుంటాయి. వేడికీ తడికీ అవి లేస్తాయి, కుదిపితే ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, ఇక విడవవు. కుతకుత ఉడికే నీళ్ళకంటే కుదుపేముంది? చుట్ట కాస్తా అంట్లు తోమే పీచులా బయటికొచ్చింది. రెండు చేతులా పట్టి లాగినా పోగు సాగలేదు. ఏకు మేకవడమంటే ఇదేనేమో.

ఫోన్ చేస్తే అవతల కుర్రాడు “మీ ఊరి నీళ్ళలో ఉప్పుంటుంది సార్” అన్నాడు. “నీళ్ళ సంగతి తర్వాత బాబూ, ముందు మీ కాగితం చదువు” అన్నాను. చదివాడో లేదో, మళ్ళీ ఫోన్ రాలేదు.

రెండో చుట్ట నా పద్ధతిలో చేశాను. చెంచా పక్కన పడేశాను. దానితో తీస్తే ఒకసారి కొండ, ఒకసారి పల్లం. బంగారం తూచే చిన్న కాటా మీద ఒక గ్రాము నీలం తూచి 100 మిల్లీలీటర్ల వేణ్ణీళ్ళలో కరిగించాను. అందులో 50 మిల్లీలీటర్లు ఒక చుట్టకి నిండు రంగు, పది వేస్తే లేత రంగు. పొడి ముక్కులోకి పోకుండా మాస్కు కట్టుకోవాలి, కిట్‌లో అది ఇవ్వలేదు. ఉన్నిని అరగంట ముందే గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టాను. పూర్ణా మార్కెట్లో కొన్న స్టీలు తపేలాలో నీళ్ళు, రంగు, గ్రామున్నర నిమ్మ ఉప్పు. (సాంబారు తపేలా ముట్టుకుంటే ఊరుకోనని మా ఆవిడ ముందే చెప్పింది. రంగు వేసిన గిన్నె ఎలాగూ వంటకి పనికిరాదు.) సన్న సెగ, థర్మామీటర్ 85 దాటకుండా అరగంట. కలపలేదు. మధ్యలో ఒకసారి ఉన్నిని గరిటెతో మెల్లగా అదిమానంతే.

ఈ పనిలో నాకు నచ్చిన ముచ్చట అక్కడే. మొదట తపేలా అంతా సిరా. పావుగంటకి గరిటెతో తీసి చూస్తే లేత నీలం. అరగంటకి మంచినీళ్ళే, గరిటె అడుగు గీతలు కూడా కనబడుతున్నాయి. రంగంతా ఉన్నిలోకి పోయింది. స్టవ్ ఆపేసి, అదే నీళ్ళలో రాత్రంతా వదిలేశాను.

ఎరుపు మాత్రం తొందర సరుకు. నీళ్ళు కాగకముందే పట్టేసి మచ్చలు చేసింది. దానికి నిమ్మ ఉప్పు చివర్లో వెయ్యాలి, ఆ మాటా కాగితంలో లేదు.

ఇక ఆరబెట్టడం. జులైలో మూడు రోజులు పట్టింది. చేతికి పొడిగా తగిలిందని నమ్మొద్దు. తన బరువులో దాదాపు 30 శాతం తేమ పీల్చుకుని కూడా ఉన్ని ఏమీ ఎరగనట్టే ఉంటుంది. నేను కాటా మీద పెడితే 50 గ్రాముల చుట్ట 58 తూగింది. ఇంకో రోజు ఫ్యాను కింద పడేసి, అడ్డంగా లాగి విడదీశాక తకిలి మీద జారిందండీ, వెన్నలా.

రంగులు మంచివి. తడిపి తెల్ల బనీను మీద రుద్దినా అంటలేదు. ఐదు నక్షత్రాల సరుకు, కాగితం రెండు కోసేసింది. కొనేవాళ్ళు కాగితం చించేసి కొనండి. నా దగ్గర నీలం పొడి ఇంకా నాలుగు గ్రాములుంది, దువ్వాడ, కూర్మన్నపాలెం వైపు వడికేవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, ఇచ్చేస్తాను.