మూడేళ్లలో మూడు పాటల పుస్తకాలు

మా అమ్మాయికి ఏడాది నిండినప్పుడు మొదలుపెట్టాం, ఇప్పుడు దానికి నాలుగేళ్లు. ఈలోపు ఇంట్లో మూడు పాటల పుస్తకాలు నలిగాయి. ఒకటి బటన్ నొక్కితే పాడేది, రెండోది రంగు బొమ్మల గేయాల పుస్తకం, మూడోది నేను రాసుకున్న వంద పేజీల నోటుబుక్కు.

బటన్ పుస్తకం సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పిల్ల నొక్కుతుంది, అది పాడుతుంది, మేము ఫోన్ చూసుకుంటాం. లోపల ఉండేవి బటన్ సెల్స్, పిల్లలు మింగితే చాలా ప్రమాదం. మూతకి స్క్రూ లేనిది కొనొద్దు. మాదాని స్క్రూ మూడో నెలకే వదులైంది, అటకెక్కించాం.

బొమ్మల పుస్తకంలో అక్షరాలు పెద్దవి, కాగితం గట్టిది. కానీ బాణీ తెలియాలిగా! సగం పాటలు నాకే రావు. "కాళ్ళా గజ్జా కంకాళమ్మ" నేను పద్యంలా అప్పజెబుతుంటే అత్తయ్య వంటింట్లోంచి వచ్చి, "అలా కాదమ్మా, కాళ్లు చాపండి" అన్నారు. చాప మీద ముగ్గురం వరసగా కాళ్లు చాపుకున్నాం. ఆవిడ ఒక్కో మాటకి ఒక్కో కాలు తడుతూ పాడారు. పాట ఎవరి కాలి మీద ఆగితే వాళ్లు ఆ కాలు ముడుచుకోవాలి. మొగ్గ కాదు మోదుగ నీడ, నీడా కాదు నిమ్మల బావి... ముందు లైను తోక పట్టుకుని తర్వాతి లైను వస్తుంది. అక్షరం ముక్క రాని పిల్లకి వారంలో నోటికొచ్చేసింది. పైగా దొంగాట కూడా నేర్చింది, తన వంతు వస్తుందనగా కాలు లంగా కింద దాచేస్తుంది.

పుస్తకంలో ఆ పాట ఆరు లైన్లే, అత్తయ్య దగ్గర అంతకు రెట్టింపు. నోటుబుక్కు పుట్టింది అందుకే. చందమామని పుస్తకం "రావే" అంటుంది. మామయ్యగారు అన్నమయ్య కీర్తనలోలా "రావో" అంటారు. రెండూ రాసుకున్నాను. డాబా మీద మా పిల్ల రోజుకో రకంగా పిలుస్తోంది.

నోటుబుక్కులో లోపాలు లేవనను. బొమ్మల్లేవు, నా రాత నాకే అర్థం కాదు, మూలలన్నీ నమిలేసింది. బాణీలు ముందే ఫోన్‌లో రికార్డు చేసుకోవాల్సింది, రెండు పాటల వరస ఇప్పుడు అత్తయ్యకే గుర్తు రావడం లేదు.

అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్లు అడిగితే ఒక వారం ఇచ్చాను. పసుపు మరకతో, చివర రెండు పేజీల బతుకమ్మ పాటతో తిరిగొచ్చింది. వాళ్లది వరంగల్. లైను చివర "ఉయ్యాలో" ఒక్కటి వస్తే చాలు, పాకే పిల్లాడు కూడా గొంతు కలుపుతాడు.

కొనేవాటిలో బొమ్మల పుస్తకానికి నాలుగు స్టార్లు, బటన్‌దానికి ఒకటి. నోటుబుక్కుకి ఎన్నివ్వాలో చూసి చెబుదామంటే అది ప్రస్తుతం మూడో అంతస్తులో ఉంది. పది రోజులైంది, ఇంకా కిందకి దిగలేదు.