వర్డ్‌ప్రెస్ ఆటో అప్‌డేట్: దేనికి ఆన్, దేనికి ఆఫ్

బరంపురంలో మన తెలుగువాళ్ల కొట్లు కొన్నింటికి వెబ్‌సైట్లు చూసుకోవడం నా పని. అప్పడాలు, వడియాలు, పచ్చళ్లు అమ్మేవి ఎక్కువ, పట్టుచీరల కొట్లు ఒకటో రెండో. అన్నీ వర్డ్‌ప్రెస్ అనే, వెబ్‌సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి. యజమానులెవరూ డ్యాష్‌బోర్డ్, అంటే సైట్‌ని లోపలినుంచి నడిపే పేజీ, తెరవరు. పిండి కలపడం, ఎండబెట్టడం, పార్సిళ్లు కట్టడంతోనే వాళ్లకు పొద్దు సరిపోతుంది. అందుకని అప్‌డేట్లు దానంతటదే చేసుకోనివ్వాలా, మనం కూర్చుని చేత్తో చెయ్యాలా అన్నది తేల్చాల్సింది నేనే. వర్డ్‌ప్రెస్‌లో ఉన్న ఆటో అప్‌డేట్ సదుపాయానికి నా మార్కులు ముందే చెప్పేస్తాను: సెక్యూరిటీ అప్‌డేట్లకు ఐదుకి ఐదు, ప్లగిన్లకు, అంటే సైట్‌కి అదనపు పనులు చేర్చే చిన్న ప్రోగ్రాములకు, మూడు.

ముందు కోర్, అంటే అసలు వర్డ్‌ప్రెస్ సంగతి. చిన్న సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతటవే ఎక్కడం 3.7 వెర్షన్‌తో మొదలైంది. అది విడుదలైంది 2013 అక్టోబర్ 24న. ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అదే నెల 12న. ఈ రెండు తేదీలూ నాకు పక్కపక్కనే గుర్తుంటాయి, ఎందుకంటే మా వైపు తుఫాను వస్తే ముందు పోయేది కరెంటు, ఆ వెంటే నెట్, ఆ తర్వాత ఫోన్ టవర్. 2018 అక్టోబర్‌లో తిత్లీ వచ్చినప్పుడు పర్లాకిమిడి వైపు ఎంత నష్టం జరిగిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు సైట్ ఉన్న సర్వర్ మాత్రం ఎక్కడో ఊరికి దూరంగా నడుస్తూనే ఉంటుంది, దాని మీద దాడి చేసేవాళ్లూ ఆగరు. చేత్తో అప్‌డేట్ చెయ్యాల్సిన మనిషి అప్పుడు మంచినీళ్ల క్యూలో ఉంటుంది. ఈ ఒక్క కారణం చాలు, సెక్యూరిటీ అప్‌డేట్ల ఆటో ఎప్పుడూ ఆన్‌లో ఉండాలని నేను పట్టుబట్టడానికి.

"నేను రోజూ చూస్తాను, చేత్తోనే చేసుకుంటాను" అనేవాళ్లకు 2017 నాటి సంగతి చెబుతాను. 4.7, 4.7.1 వెర్షన్లలో ఒక లోపం ఉండేది. లాగిన్ కాకుండానే బయటివాళ్లు సైట్‌లోని పోస్టులను మార్చేయగలిగేవారు. దాన్ని సరిచేసిన 4.7.2 జనవరి 26న వచ్చింది. కానీ ఆ రోజు ప్రకటనలో వేరే మూడు లోపాల గురించే రాశారు. అసలైన ఈ లోపం గురించి ఫిబ్రవరి 1న గానీ బయటపెట్టలేదు. ఆటో అప్‌డేట్ వీలైనన్ని సైట్లకు చేరేదాకా దాడి చేసేవాళ్లకు దారి తెలియకూడదని కావాలనే అలా చేశారు. అంటే ప్రకటన శ్రద్ధగా చదివి "ఇదేం కొంపలు మునిగే విషయం కాదులే, ఆదివారం చేద్దాం" అనుకున్నవాళ్లకు తొందరపడాలని తెలిసే అవకాశమే లేదు. లోపం బయటపడిన కొద్దిరోజుల్లోనే, అప్‌డేట్ కాని సైట్లలో లక్షల పేజీలను ఎవరెవరో మార్చి పారేశారు. మనం ఎంత జాగ్రత్తపరులమైనా, మనకు చెప్పని ప్రమాదం నుంచి మనం తప్పించుకోలేం.

అలాగని ఆటో మీదే భారం వేసి కూర్చోవడమూ కుదరదు. 2018 ఫిబ్రవరి 5న వచ్చిన 4.9.3 ఆ ఆటో అప్‌డేట్ యంత్రాన్నే పాడుచేసింది. మర్నాడే 4.9.4 విడుదల చేశారు గానీ, పాడైన యంత్రం దాన్ని తెచ్చుకోలేదు కదా. డ్యాష్‌బోర్డ్‌లోకి వెళ్లి బటన్ నొక్కాల్సి వచ్చింది. 2020 అక్టోబర్ చివర్లో 5.5.3 ఆల్ఫా, అంటే ఇంకా పరీక్షల దశలో ఉన్న కాపీ, పొరపాటున కొన్ని సైట్లకు ఆటోలో వెళ్లిపోయింది. వెంటనే సరిచేశారు. అందుకే ఆటో ఆన్‌లో ఉన్నా సరే, అప్పుడప్పుడూ వెళ్లి వెర్షన్ నంబర్ చూసి రావాలి.

ఇక్కడ చిన్న సైట్లవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. వర్డ్‌ప్రెస్ తన పనులను గడియారం చూసుకుని చెయ్యదు. సైట్‌కి ఎవరైనా వచ్చినప్పుడు, చెయ్యాల్సిన పని మిగిలి ఉందేమో చూసుకుని అప్పుడు మొదలుపెడుతుంది. అప్పడాల కొట్టు సైట్‌కి మామూలు రోజుల్లో ఎంతమంది వస్తారు? ఎవరూ రాని పూట అప్‌డేట్ కూడా అలాగే పడి ఉంటుంది. సైట్‌కి సర్వర్ ఇచ్చే హోస్టింగ్‌వాళ్ల ప్యానెల్‌లో క్రాన్ జాబ్, అంటే చెప్పిన సమయానికి పనిని దానంతటదే మొదలుపెట్టే ఏర్పాటు, ఒకటి పెడితే ఈ సమస్య ఉండదు. అది మీ వల్ల కాకపోతే హోస్టింగ్‌వాళ్లను అడిగి పెట్టించండి.

ఇప్పుడు ప్లగిన్లు. నా టెన్షన్ అంతా ఇక్కడే. 2020 ఆగస్టులో వచ్చిన 5.5 నుంచి ప్రతి ప్లగిన్ పక్కనా ఆటో అప్‌డేట్ ఆన్ చేసుకునే వీలుంది. బడాబజార్ వైపు ఒక పచ్చళ్ల కొట్టు సైట్ నా చేతికి వచ్చేటప్పటికి, అంతకుముందు చూసినవాళ్లు అన్ని ప్లగిన్లకూ ఆటో ఆన్ చేసి వెళ్లిపోయారు. దసరా ముందు ఆ కొట్టు అమ్మగారు ఫోన్ చేశారు: "సైట్‌కి ఏటయిందమ్మా? విశాఖపట్నం వాళ్లు ఆర్డర్ పెట్టామంటన్నారు, మాకేటీ రాలేదు."

సైట్ తెరిచి చూస్తే అంతా బాగానే ఉంది. ఫొటోలున్నాయి, ధరలున్నాయి, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు పేజీలు మూడూ వస్తున్నాయి. ఆర్డర్ నొక్కితే "ధన్యవాదాలు" అని కూడా చూపిస్తోంది. కానీ ఆర్డర్ మెయిల్ మాత్రం వెళ్లడం లేదు. ఫారం ప్లగిన్ కొత్త వెర్షన్ రాత్రికి రాత్రి ఎక్కింది, అందులో మెయిల్ సెట్టింగుల పద్ధతి మార్చారు. పాత సెట్టింగ్ ఖాళీ అయిపోయింది. ఆర్డర్లన్నీ డేటాబేస్‌లో ఉన్నాయి కాబట్టి తీసి ఇవ్వగలిగాను, ఆవిడ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి మాట్లాడుకున్నారు. మామిడి ఆవకాయ అయిపోయిందని కొందరికి మాగాయ పంపించారు. అది ఆవిడ మంచితనం, వాళ్ల మంచితనం.

"ఇప్పుడు రోల్‌బ్యాక్ వచ్చింది కదా" అంటారు కొందరు. నిజమే, 2024 జూలైలో వచ్చిన 6.6తో ఆ సదుపాయం వచ్చింది, చాలా మంచి పని చేశారు. ఆటోలో ప్లగిన్ ఎక్కాక సైట్ హోమ్ పేజీని తెరిచి చూసి, అది పూర్తిగా కూలిపోతుంటే పాత వెర్షన్‌ని వెనక్కి పెట్టేస్తుంది. కానీ పచ్చళ్ల కొట్టు సైట్ కూలిపోలేదు. హోమ్ పేజీ నిక్షేపంలా ఉంది. చిల్లర దొంగతనం కనిపెట్టలేని కాపలాదారులాంటిది ఈ సదుపాయం: తలుపు విరిగితే అరుస్తుంది, గల్లాపెట్టె ఖాళీ అయితే దానికి తెలియదు. ఆర్డర్ వెళ్లిందా, డబ్బు పడిందా అన్నది మనిషే చూడాలి.

ప్లగిన్ల విషయంలో ఇంకో భయం ఉంది. ఆటో అంటే ఆ ప్లగిన్ రాసినవాళ్లు రేపు ఏం పంపినా తీసుకుంటామని ఈ రోజే ఒప్పుకోవడం. 2017లో డిస్‌ప్లే విడ్జెట్స్ అనే ప్లగిన్ చేతులు మారింది. కొత్తవాళ్లు అప్‌డేట్లలోనే స్పామ్ పెట్టే కోడ్ దూర్చారు. 2024 జూన్‌లో, వేరేచోట లీకైన పాస్‌వర్డులనే మళ్లీ వాడిన డెవలపర్ల ఖాతాల్లోకి దూరి కొన్ని ప్లగిన్లలో చెడ్డ కోడ్ ఎక్కించారు. ఇలాంటి రోజున ఆటోలో ఉన్నవాళ్లకే అది ముందు చేరుతుంది. అయినా ప్లగిన్లన్నీ ఆపేసి నెలల తరబడి వదిలేస్తే అంతకంటే పెద్ద ప్రమాదం, ఎందుకంటే పాత లోపాలను వెతుక్కుంటూ తిరిగే ప్రోగ్రాములు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి.

అందుకని నా సైట్లలో పెట్టుకున్న పద్ధతి ఇది. కోర్‌లో చిన్న అప్‌డేట్లు, అంటే వెర్షన్ నంబర్‌లో మూడో అంకె మారేవి, ఆటో. మొదటి రెండు అంకెల్లో ఏది మారినా చేత్తోనే. 2020 డిసెంబర్‌లో వచ్చిన 5.6 నుంచి కొత్తగా పెట్టిన సైట్లకు పెద్ద వెర్షన్లు కూడా ఆటోలోనే వస్తాయి, కాబట్టి మీ సైట్ అప్‌డేట్స్ పేజీ ఒకసారి చూసుకోండి. ఆర్డరు, డబ్బు, భాషలు, ఈ మూడింటితో సంబంధం ఉన్న ప్లగిన్లు చేత్తోనే. గ్యాలరీ, స్లైడర్ లాంటివి ఆటో. చేత్తో చేసేటప్పుడు ముందు డేటాబేస్‌తో సహా బ్యాకప్ తీసి, అదే సర్వర్‌లో కాకుండా వేరేచోట పెడతాను. పార్సిళ్లు వెళ్లిపోయాక, మధ్యాహ్నం పూట చేస్తాను. పండగ ముందు వారంలో సెక్యూరిటీ అప్‌డేట్ తప్ప దేన్నీ ముట్టుకోను. అయ్యాక నా ఫోన్ నుంచే ఒక ఆర్డర్ పెట్టి, కొట్టుకి మెయిల్ చేరిందని వాళ్ల నోటితో విన్నాకే లేస్తాను.

ప్లగిన్లకు రెండు మార్కులు ఎందుకు కోశానంటే, కోర్‌లో ఉన్నట్టు "సెక్యూరిటీవి మాత్రం ఆటోలో తీసుకో, మిగతావి ఆపు" అనే మీట ప్లగిన్లకు లేదు. ఆటో ఆన్‌లో ఉంటే అన్నీ తీసుకోవాలి, ఆఫ్‌లో ఉంటే ఏదీ రాదు. "కొత్త వెర్షన్ వచ్చాక మూడు రోజులు ఆగి ఎక్కించు" అనే వీలు కూడా డ్యాష్‌బోర్డ్‌లో లేదు. ఆ మూడు రోజులే మా లాంటి చిన్న సైట్లకు కావలసింది, ఏదైనా తేడా ఉంటే ఆలోగా బయటపడుతుంది.

మీ సైట్ వేరేవాళ్లు కట్టి ఇచ్చినదైతే ఈ రోజే ఒక పని చెయ్యండి. సెట్టింగ్స్‌లో జనరల్ తెరిచి, అడ్మిన్ ఈమెయిల్ ఎవరిదో చూడండి. అప్‌డేట్ ఎక్కినా, ఫెయిలైనా, సైట్ కూలినా వర్డ్‌ప్రెస్ ఉత్తరం రాసేది ఆ అడ్రసుకే. నేను చూసిన కొట్ల సైట్లలో చాలావాటికి అది ఎప్పుడో బెంగళూరు వెళ్లిపోయిన అబ్బాయిది.