కొండదారికి ఫోన్ మ్యాప్: కొన్నేళ్లు వాడాక నా మాట

ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ పెట్టుకుని కొండదారి గీసుకోవడం అలవాటయ్యాక నేను దాన్ని వదల్లేదు, వదిలే ఉద్దేశం కూడా లేదు. ఎంత ఎక్కాలి, ఎంత దిగాలి, పొద్దుగూకేలోపు బండి దగ్గరికి వచ్చేస్తామా అన్న లెక్కలకు ఇంతకంటే పనికొచ్చేది నాకు దొరకలేదు. నీళ్ల విషయంలో మాత్రం దాన్ని నమ్మను. నల్లమల పక్కన ఉండేవాళ్లకు ఇది చిన్న లోపం కాదు.

యాప్ పేరు చెప్పడం లేదు. ఇలాంటివి నాలుగైదు ఉన్నాయి, చాలావాటి అడుగున ఉన్న మ్యాప్ ఒకటే: ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో మొదలైన ఆ మ్యాప్‌ను మామూలు జనమే గీస్తారు. ఎత్తులు వేరే చోటి నుంచి వస్తాయి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ వ్యోమనౌక రాడార్‌తో భూమిని కొలిచింది, చాలా యాప్‌లలో కనిపించే కాంటూరు గీతలకు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) ఆ కొలతలే ఆధారం. అంటే బాట ఎవరో గీసింది, ఎత్తు ఎవరో కొలిచింది. యాప్ చేసేదల్లా రెంటినీ ఒకదాని మీద ఒకటి పరచడమే. అందుకే మెనూలు, రంగులు బాగున్నాయా లేదా అన్న చర్చ నాకు పెద్దగా పట్టదు.

మాది అచ్చంపేట వైపు. సెలవు దొరికితే ఉమామహేశ్వరం కొండ, లేదంటే కోయిలకొండ, ఖిల్లా ఘణపురం, దేవరకొండ కోటలు. తీరిక ఎక్కువుంటే రాచకొండ. డబ్బులు, సెలవులు రెండూ కలిసొచ్చినప్పుడు బ్యాగులు కట్టుకుని ఉత్తరాఖండ్. ఈ సమీక్ష రెండు రకాల నడకలకూ వాడిన అనుభవంతోనే రాస్తున్నాను.

దారి గీయడానికి యాప్‌లో రెండు పద్ధతులుంటాయి. మ్యాప్‌లో ఉన్న బాటకు అతుక్కుంటూ గీత పోవడం ఒకటి, మనం వేలు పెట్టిన చోటికల్లా తిన్నగా పోవడం ఇంకొకటి. మొదటిది సుఖం. కానీ ఎవరో గీసిన రెండు కాలిబాటలు ఒకచోట నాలుగు మీటర్లు కలవకుండా ఆగిపోతే, యాప్‌కు అక్కడ దారి లేనట్టే లెక్క. మనల్ని మళ్లీ తారు రోడ్డెక్కించి ఊళ్ల మీదుగా తిప్పి కొండ అవతలికి చేరుస్తుంది. గీత ఉన్నట్టుండి ఇరవై ముప్పై కిలోమీటర్లు పెరిగిందంటే కారణం ఇదే. అక్కడ మాత్రం తిన్నగా గీసి మళ్లీ బాటకు అతికించాలి. కాంటూరులు చూడకుండా ఆ పని చేయకూడదు.

టైము లెక్కకు నేను పాత సూత్రమే వాడతాను. నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పినది: చదును మీద గంటకు సుమారు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. యాప్ చూపే టైము కూడా ఇలాంటి లెక్కే. అది చల్లటి దేశంలో, గట్టి కాళ్లున్నవాళ్లకు సరిపోయే లెక్క. హోలీ దాటిన తర్వాత మన దగ్గర దానికి సగం కలుపుతాను. పిల్లలుంటే రెట్టింపు.

కోటల గుట్టల మీద ఆ లెక్క కూడా నిలవదు. రాచకొండనే తీసుకోండి. రేచర్ల పద్మనాయకుల రాజధాని, గుట్టల నిండా గ్రానైట్ గుండ్లు. మ్యాప్‌లో కిలోమీటరు కూడా లేని ముక్కకు గంట పడుతుంది, ఎందుకంటే అక్కడ నడక కాదు, గుండు మీంచి గుండు మీదికి పాకడం. ఆ రాడార్ కొలతల్లో ఒక్కో గడి ముప్పై మీటర్లు. అంతలో ఇల్లంత గుండ్లు పది పట్టినా మ్యాప్‌లో అదంతా నున్నటి వాలులాగే కనిపిస్తుంది. దట్టమైన అడవిలో రాడార్ కొంతవరకు చెట్ల తలలనే కొలుస్తుంది. ఇక నల్లమల అంచుల్లో నిలువు బండలుంటాయి. కాంటూరు గీతల మధ్య 20 మీటర్ల తేడా ఉన్నప్పుడు పదిహేను మీటర్ల నిలువు బండ రెండు గీతల నడుమ హాయిగా దాక్కోగలదు. కాబట్టి గీతలు దగ్గర దగ్గరగా ఉన్నచోట బాట లేకుండా దిగే ప్లాన్ నేను అసలు వేయను. శాటిలైట్ ఫొటో తెరిచి నీడలు చూస్తాను. పొద్దున తీసిన ఫొటోలో పడమటి వైపు నల్లటి పట్టీ ఉంటే అది దాదాపు ఎప్పుడూ బండ అంచే.

ఇప్పుడు నీళ్లు. ఇలాంటి మ్యాపుల్లో వాగంటే నీలి గీత. ఏడాది పొడుగునా పారేదా, వానలప్పుడే పారేదా అని గీసినవాళ్లు విడిగా గుర్తు పెట్టొచ్చు, కానీ మన అడవుల్లో ఆ ఓపిక పట్టినవాళ్లు తక్కువ. ఈ విషయంలో సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్, అంటే ఎత్తులూ వాగులూ చూపే ప్రభుత్వ సర్వే మ్యాప్, చాలా మేలు. 1:50,000 స్కేలు, అంటే నేల మీద కిలోమీటరు కాగితం మీద రెండు సెంటీమీటర్లు. అందులో నీళ్లుండే వాగులు నీలంలో, ఎండిపోయే వాగులు నల్లటి గీతల్లో ఉంటాయి. మా వైపు పాత షీట్ల నంబరు 56 ఎల్‌తో మొదలవుతుంది. కొత్త వరుస షీట్లు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆ పీడీఎఫ్ దించుకుని యాప్ మీద దారి గీసేటప్పుడు పక్కన తెరిచి పెట్టుకుంటాను.

టోపోషీట్ కూడా సర్వే జరిగిన నాటి సంగతే చెబుతుంది. ఈ ఏడాది సంగతి మనుషులే చెప్పాలి. మన్ననూరు దగ్గర ఒక చెంచు తాతకు ఫోన్‌లో నీలి గీత చూపించి అడిగితే, ఆయన ఫోన్ వైపు కూడా చూడకుండా, "ఆ వాగు శివరాత్రికే ఇంకుతది సారూ. కింద లొద్దిల ఇసుక తోడితే చెలిమె ఊరుతది, అవి జంతువులు తాగే నీళ్లు" అన్నాడు. లొద్ది అంటే లోయ, చెలిమె అంటే ఇసుకలో తోడిన నీటిగుంట. దారికి సంబంధించి మ్యాప్‌లో లేని మూడు విషయాలు ఆ ఒక్క మాటలో ఉన్నాయి: ఎప్పుడు ఎండుతుంది, ఎక్కడ దొరుకుతుంది, ఎందుకు అక్కడికి పోకూడదు. అప్పటి నుంచి నా ప్లాన్‌లో ఎవరైనా మనిషి చెప్పిన నీటిచోటుకే చుక్క పెడతాను, పక్కన నెల పేరు రాస్తాను. అలాంటి చుక్క లేకపోతే మొత్తం నీళ్లు ఇంటి నుంచే మోస్తాం.

కొత్తవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. మ్యాప్‌లో చుక్కల గీత కనిపిస్తే అటు నడవొచ్చని కాదు. నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ కోర్‌లో, అంటే పులులకే వదిలేసిన లోపలి అడవిలో, అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ అడవిలోనే ఉన్న సలేశ్వరం లోయలోకి జనాన్ని వదిలేది చైత్ర పౌర్ణమి ముందువెనకల కొద్దిరోజులే. మిగతా కాలంలో ఆ బాట యాప్‌లో ఎంత చక్కగా కనిపించినా మనది కాదు. టెంటు వేసుకుని రెండు మూడు రోజులు తిరిగే బ్యాక్‌ప్యాకింగ్‌కు నల్లమల కోర్ చోటు కాదని నా అభిప్రాయం. ఫర్హాబాద్ వైపు అటవీశాఖ సఫారీ ఉంది, దానితో సరిపెట్టుకుంటే మంచిది. నేను కూడా మా ఊరి గుట్టల బాటలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ఎక్కించాను గానీ, పెంటల (చెంచు గూడేల) మధ్య చెంచులు నడిచే దారులు తెలిసినా ఎక్కించను. అవి మ్యాప్‌లో కనిపిస్తే ముందు వాడుకునేది వేటగాళ్లే. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు, దోమలపెంట మధ్య రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు వదలరు, ఆ సంగతీ ప్లాన్‌లో ఉండాలి.

హిమాలయాల్లో ఇదే యాప్ వేరే రకంగా పనిచేస్తుంది. అక్కడ పేరున్న దారులు చాలామంది నడిచి గీసినవి, నీళ్లకు కరువుండదు. హర్ కీ దూన్ లాంటి లోయకు బాట, ఊళ్లు, వంతెనలు అన్నీ మ్యాప్‌లో కనిపిస్తాయి. దూరం మాత్రం యాప్ చెప్పినదానికంటే ఎప్పుడూ ఎక్కువే వస్తుంది. మెలికలు తిరిగే బాటను గీసేవాళ్లు నాలుగు మెలికలకు ఒక గీత గీస్తారు మరి. మొత్తం ఎక్కుడు లెక్క కూడా గీసిన దారి ఒకటే అయినా ఒక్కో యాప్ ఒక్కోలా చెబుతుంది, చిన్న చిన్న ఎత్తుపల్లాలను ఎంత చదును చేస్తుందన్న దాన్ని బట్టి.

అక్కడ యాప్ చెప్పనిది ఎత్తు గురించి. రోజుకు పది కిలోమీటర్లే కదా అని అది మనల్ని ఒక్కరోజులో వెయ్యి మీటర్లు పైకి తీసుకుపోయి పడుకోబెట్టగలదు. 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఆగాలి. మనం పీఠభూమి మీద పుట్టినవాళ్లమే గానీ అది ఆ ఎత్తులకు ఏ మూలకూ రాదు. అందుకే నేను ముందు క్యాంపులను ఎత్తు ప్రకారం పెట్టుకుని తర్వాత వాటిని కలుపుతూ గీత గీస్తాను. ఇంకో మాట, విదేశాల వీడియోలు చూసి శాటిలైట్‌తో మెసేజ్ పంపే పరికరం కొనేవాళ్లున్నారు. మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ గానీ అలాంటి పరికరం గానీ దగ్గర పెట్టుకుంటే కేసవుతుంది.

బ్యాటరీ గురించి చాలామంది భయపడతారు గానీ ఏరోప్లేన్ మోడ్‌లో కూడా జీపీఎస్ నడుస్తుంది. స్క్రీన్ ఊరికే వెలిగించకపోతే రోజంతా వస్తుంది. ఎండాకాలంలో ఫోన్ వేడెక్కి తనంతట తానే ఆగిపోవడమే అసలు సమస్య, బండ మీద పెట్టకండి. డబ్బు కట్టే వెర్షన్ కావాలా అంటే, కాంటూరులు ఉచితంగా వస్తుంటే అక్కర్లేదు. రాకపోతే మాత్రం కట్టండి, కాంటూరులు లేని మ్యాప్ కొండకు దేనికీ పనికిరాదు.

బయల్దేరే ముందు రోజు గీసిన దారిని ఇంటర్నెట్ సెంటర్‌లో రెండు ప్రింట్లు తీయిస్తాను. ఒకటి బ్యాగులో, ఒకటి ఇంట్లో. ఇంట్లో వదిలేదాని వెనక బండి ఎక్కడ ఆపుతామో, ఎవరెవరం పోతున్నామో, ఎన్నింటికల్లా ఫోన్ రాకపోతే 112కు చెప్పాలో రాసి ఉంటుంది. ఆ టైముకు రెండు గంటలు కలిపే రాస్తాను, లేదంటే సిగ్నల్ లేని చోట మేం తీరిగ్గా అటుకులు తింటూ కూర్చుంటే ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది.