సైడ్‌మౌంట్ సెట్ అమ్ముతున్న ఆ అన్నతో జాగ్రత్త

పేరు రాయను. సైడ్‌మౌంట్ అంటే స్కూబా డైవింగ్‌లో సిలిండర్లు వీపు మీద కాకుండా ఒంటికి రెండు పక్కలా తగిలించుకోవడం, సెట్ అంటే దానికి వాడే పట్టీల సామాను. శ్రీకాకుళంలో ఆ సెట్ అమ్మకానికి పెట్టేవాళ్ళు ఎంతమంది ఉంటారు, మీకే తెలిసిపోతుంది. మొన్న రాత్రి ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర 22,000 చేతిలో పెట్టి సంచి తెచ్చుకున్నాను. నిన్న బారువ సముద్రంలో దిగాను. ఇంకా చల్లారలేదు, అందుకే రాస్తున్నాను.

నాకు నడుం నొప్పి. వీపు మీద సిలిండర్‌తో పడవ ఎక్కలేక సైడ్‌మౌంట్‌కి మారాను. కోర్సులో వాడింది వాళ్ళ సెట్టు, సొంతానికి కొన్నది ఇదే మొదటిది. చేప కొంటే మొప్పలెత్తి చూసేవాణ్ణి, 22,000 పోసి సంచి జిప్పు లాగలేదు.

ఒడ్డున సర్దుకుంటుంటే తెలిసింది, నడుము పట్టీ మీద ముందువైపు డీ-రింగులు (క్లిప్పులు తగిలించే D ఆకారం కొక్కేలు) రెండూ లేవు. ఫొటోలో ఉన్నాయి, నిగనిగలాడుతూ. సరేలే, ఒక్క డైవ్‌కి ఏమవుతుందని దిగాను. అది నా తెలివి.

మనందరం వాడేవి అల్యూమినియం 80 రకం సిలిండర్లే కదా. 200 బార్ ఒత్తిడికి నింపితే ఒక్కోదాని లోపలి గాలే రెండున్నర కిలోలు దాటుతుంది. అది ఖర్చయ్యేకొద్దీ సిలిండర్ అడుగు పైకి తేలుతుంది. అప్పుడు అడుగు క్లిప్పుని వెనక బట్ ప్లేట్ (పిరుదుల మీద ఉండే పలక) నుంచి తీసి ముందు డీ-రింగుకి మార్చుకుంటే మళ్ళీ ఒంటికి ఆనుకుని ఉంటుంది. మార్చడానికి నాకు రింగేదీ? పైగా బంజీ, అంటే సాగే రబ్బరు తాడు. సిలిండర్ పై కొసనున్న వాల్వుని చంకలోకి లాగి పట్టుకోవాల్సింది అదే. పైన అల్లిక కొత్తదిలాగే ఉంది, లోపల రబ్బరు చచ్చిపోయింది. వాల్వులు కిందికి జారాయి, అడుగులు పైకి లేచాయి. రెండు చంకల్లో రెండు మేకపిల్లల్ని ఇరికించుకున్నట్టు పెనుగులాడి, సగం గాలి ఉండగానే పైకి వచ్చేశాను. తోడు దిగినవాడు పక్కనే ఉన్నాడు కాబట్టి టెన్షన్ పడలేదు.

ఒడ్డెక్కి తడి చేతుల్తోనే ఫోన్ చేశాను.

"అన్నా, డీ-రింగులేవీ?"

"ఏటి తమ్ముడూ, అవి నావి. ఫొటోకి బాగుంటాదని ఉంచినాను. హార్నెస్ అమ్ముతానన్నాను గానీ రింగులన్నానా?"

పెళ్ళిచూపులకి అరువు గొలుసు వేసినట్టన్నమాట! సిలిండర్లు తేలిపోయాయని చెప్పాను. "తేలిందంటే నీకు ట్రిమ్ము రాదు. ముందు ఈత నేర్చుకో" అన్నాడు (ట్రిమ్మంటే నీళ్ళలో ఒంటిని అడ్డంగా, నిలకడగా ఉంచడం). అని నవ్వాడు. పక్కన ఇంకెవరో కూడా నవ్వారు. అంటే స్పీకర్లో పెట్టి మరీ మాట్లాడుతున్నాడు. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ రెండో నవ్వు రాత్రంతా చెవిలోనే ఉంది. డబ్బు వెనక్కి అడిగితే "తడిపేశావు కదా" అన్నాడు. డైవింగ్ సామాను తడిపితే వాపసు లేదట, నేనేదో పట్టుచీర కొన్నట్టు.

ఇంకోటి మర్చిపోయాను. '316 స్టీలు' అన్న క్లిప్పుల మీద ఈ పొద్దున్నే తుప్పు చుక్కలు. ఫ్రిజ్ మీది అయస్కాంతం పెడితే టక్కున అంటుకుంది. ఉప్పునీళ్ళకి వాడే అసలు 316కి అలా అంటుకోదు.

కొనేవాళ్ళు సిలిండర్లు తగిలించి చూపించమనండి, బంజీ లాగి వదిలి చూడండి, జేబులో అయస్కాంతం పెట్టుకెళ్ళండి. అంతే.

రెండంగుళాల పట్టీకి సరిపోయే డీ-రింగులు రెండు ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, కొంటాను. అతని దగ్గర ఉన్నాయని చెప్పకండి, నాకు తెలుసు.