బిగిసిన బ్రేక్ పిస్టన్‌కు ట్రాక్టరు గ్రీజు గన్: ఏడేళ్లు వాడాక

డిస్క్ బ్రేక్‌లో డిస్కును ప్యాడ్లతో నొక్కి పట్టే భాగం కాలిపర్. అందులో ఆయిల్ ఒత్తిడికి ప్యాడ్‌ను డిస్కు మీదికి తోసే గుండ్రటి లోహపు ముక్క పిస్టన్. బిగిసిపోయిన పిస్టన్‌ను ఊడదీయడానికి నేను ఏడేళ్లుగా వాడుతున్నది ట్రాక్టరుకు గ్రీజు కొట్టే మామూలు గన్. దాన్ని కాలిపర్‌కు కలపడానికి ఒక బోల్టు కావాలి. 2018 వానాకాలంలో నల్లగొండలోని ఒక లేత్ షాపులో 250 రూపాయలిచ్చి చేయించాను. 10 మిల్లీమీటర్ల మర, నిలువునా సన్నని రంధ్రం, తల మీద గన్ మూతి తగిలించే గ్రీజు నిప్పల్, అంతే. మా ఇంటి బండ్లు, చుట్టాలవి, నేను పనిచేసే మిల్లులో తోటివారివి కలిపి ఇప్పటికి పదకొండు కాలిపర్లు దీనితో విప్పాను. ఒక్క పిస్టన్ కూడా లోపల మిగిలిపోలేదు, ఎవరి వేలూ నలగలేదు. రెండో సంగతే నాకు ఎక్కువ ముఖ్యం.

ఎందుకంటే అంతకు ముందు ఏడాది నా బండి కాలిపర్‌ను చేతపట్టుకుని ఒక పంక్చరు షాపుకు వెళ్లాను. అక్కడి కుర్రవాడు ఆయిల్ పైపు వచ్చే రంధ్రంలో గాలి గొట్టం పెట్టి, పిస్టన్‌కు ఎదురుగా చెయ్యి అడ్డం పెట్టి, మీట నొక్కాడు. మొదట ఏమీ కదలలేదు. ఇంకాస్త నొక్కాడు. టైరు పగిలినంత చప్పుడైంది. పిస్టన్ అతని బొటనవేలిని కాలిపర్ అంచుకేసి కొట్టింది. చూస్తుండగానే గోరు కింద రక్తం నల్లగా కమ్ముకుంది. పద్దెనిమిదేళ్లు ఉంటాయేమో ఆ పిల్లవానికి. నా పని కోసం అతని వేలు నలిగిందన్న బాధ ఇప్పటికీ పోలేదు.

లెక్క వేసి చూడండి. బైకు పిస్టన్ వ్యాసం 30 మిల్లీమీటర్లు అనుకుంటే దాని ముఖం వైశాల్యం సుమారు 7 చదరపు సెంటీమీటర్లు. ట్యాంకులో 100 పౌండ్ల గాలి అంటే చదరపు సెంటీమీటరుకు 7 కిలోలు. పిస్టన్ వెనుక దాదాపు 50 కిలోల తోపుడన్నమాట. కారు పిస్టన్ 54 మిల్లీమీటర్లుంటే అదే గాలికి 160 కిలోలు. అంతకన్నా పెద్ద ప్రమాదం గాలి గుణంలోనే ఉంది. అది నొక్కుకుపోయి, అణిచిపెట్టిన స్ప్రింగులా కూర్చుంటుంది. తుప్పు పట్టు వదిలిన క్షణాన ఆ స్ప్రింగు మొత్తం ఒక్కసారిగా విచ్చుకుంటుంది. నూనె, గ్రీజు అలా నొక్కుకుపోవు. పిస్టన్ వెంట్రుకవాసి కదిలితే చాలు, వెనుక ఒత్తిడి పడిపోతుంది. నేను గాలిని పూర్తిగా మానేసింది ఇందుకే.

గన్ పట్టుకునే ముందు తప్పు పిస్టన్‌దేనా అన్నది తేల్చుకోవాలి. లివరు వదిలాక కూడా చక్రం తిరగకపోతే పిస్టన్ బిగిసిందని అందరూ అనేస్తారు. కళ్లద్దాలు పెట్టుకుని, బ్లీడ్ నిప్పల్‌కు (కాలిపర్‌లోని ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర గొట్టం) ట్యూబు తొడిగి, పావు మర విప్పి చూడండి. వెంటనే చక్రం వదులైతే పిస్టన్‌ది తప్పు కాదు, ఆయిల్ వెనక్కి పోవడం లేదు. లివరు దగ్గర ఆయిల్‌ను తోసే మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ తిరిగి వెళ్లే చిన్న రంధ్రం పూడిపోయి ఉండాలి, లేదా రబ్బరు పైపు లోపల ఉబ్బి ఉండాలి. నిప్పల్ విప్పినా చక్రం పట్టే ఉంటే అప్పుడు కాలిపర్ సంగతి చూడాలి. అందులోనూ ముందు కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్నులు కదిపి చూడాలి. మిల్లులో ఒకాయన బండికి రెండు పిస్టన్లూ భేషుగ్గా ఉన్నాయి, పిన్ను మీద గ్రీజు ఎండి బిగిసింది. పదిహేను నిమిషాల్లో పని అయిపోయింది.

నేను రోజూ నల్లగొండ నుంచి మిర్యాలగూడకు, ఒకవైపు సుమారు 40 కిలోమీటర్లు, బండి మీదే వెళ్లి వస్తాను. అక్కడ బియ్యం మిల్లులో ఎలక్ట్రీషియన్‌ని. వానాకాలం బురద, వడ్ల సీజనులో ఊక దుమ్ము, బాయిలర్ బూడిద, వారానికోసారి బోరు నీళ్లతో కడగడం, ఇవన్నీ కలిసి పిస్టన్ అంచున దుమ్మును ఆపే రబ్బరు వలయం, అంటే డస్ట్ సీలు కిందకు చేరతాయి. దుమ్ము తడిని ఆరనివ్వదు. లోపలి నుంచి బ్రేక్ ఆయిల్ కూడా తోడవుతుంది. డాట్ 3, డాట్ 4 ఆయిళ్లు గాలిలోని తేమను పీల్చుకునే రకం. కొత్త డాట్ 4 ఆయిల్ మరిగే స్థాయి కనీసం 230 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, తేమ చేరినదానికి ఆ హద్దు 155. ఏళ్ల తరబడి ఆయిల్ మార్చకపోతే బ్రేకు బలహీనపడటమే కాదు, ఆ తేమ కాలిపర్‌లో పిస్టన్ జారే సిలిండరు గోడను తినేస్తుంది.

బోల్టు కన్నా ముందు 700 రూపాయలు పెట్టి పిస్టన్ ప్లయర్ కొన్నాను. గుల్లగా ఉండే పిస్టన్ లోపలికి దూర్చి పిడి నొక్కితే దవడలు విచ్చుకుని లోపలి గోడను పట్టుకుంటాయి. అటూ ఇటూ తిప్పుతూ లాగాలి. కాస్త బిగువుగా ఉన్నవాటికి మంచి వస్తువు. గట్టిగా తుప్పుపట్టినవాటి దగ్గర పళ్లు జారిపోతాయి, రెండేళ్లలో అరిగిపోయాయి కూడా. పైపు రెంచితో బయటివైపు నుంచి పట్టుకోవడం మాత్రం ఎవరూ చేయకండి. ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీలు ఒరుసుకునే ఆ నునుపు మీద గోటికి తగిలేంత గీత పడినా పిస్టన్ పనికిరాదు.

అసలు మొదటి పరికరం బండికే ఉంది, అది బ్రేక్ లివరు. కాలిపర్‌ను డిస్కు మీంచి విప్పి, పైపు తీయకుండా, ప్యాడ్లు తీసేసి, పైన ఆయిల్ పోస్తూ లివరు నొక్కుతుంటే చాలా పిస్టన్లు వాటంతట అవే వస్తాయి. రెండు పిస్టన్లుంటే తేలికైనది ముందుకొస్తుంది, బిగిసినది కదలదు. తేలికైనదాన్ని సి క్లాంపుతో అదిమిపెట్టి మళ్లీ నొక్కాలి. ఒకటి పూర్తిగా ఊడిందంటే ఆయిల్ అంతా అటే పోతుంది, రెండోదాని మీద ఒత్తిడే ఉండదు. ఈ పద్ధతికి లొంగనివే నా పదకొండూ.

గన్ నాది కాదు. తిప్పర్తి దగ్గర మా మేనమామ ట్రాక్టరుది. అడిగిన ప్రతిసారీ “తీసుకుపో అల్లుడూ, నాట్ల ముందు మాత్రం తెచ్చి ఇవ్వు” అంటాడు. కాలిపర్‌ను వైసులో బిగించి, పిస్టన్ ముఖానికి ఎదురుగా చెక్కముక్క పెడతాను. ఆయిల్ పైపు రంధ్రంలో బోల్టును రాగి వాషరుతో బిగిస్తాను. ముందు బ్లీడ్ నిప్పల్ తెరిచి, అక్కడ బుడగలు లేకుండా గ్రీజు వచ్చేదాకా కొట్టి మూస్తాను. లోపల గాలి మిగిలితే మళ్లీ అదే స్ప్రింగు. ఈ గన్ ఒక్క నొక్కుకు సుమారు ఒక సీసీ గ్రీజు పంపుతుంది. 30 మిల్లీమీటర్ల పిస్టన్ దానికి మిల్లీమీటరున్నర లోపే జరుగుతుంది.

మొదటిసారి చేసినప్పుడు నాలుగో నొక్కుకు పిడి బిర్రబిగిసింది. రెండు చేతులూ వేసి మెల్లగా అదిమాను. లోపల సన్నగా ‘టిక్’ మన్నది, పిడి మెత్తబడింది. వంగి చూస్తే పిస్టన్ చుట్టూ దారమంత వెడల్పున వెండి వలయం. ఇన్నాళ్లూ సీలు వెనుక దాగిన భాగం అది, దుమ్ము తగలక అద్దంలా ఉంది. దాని పైన ఒక పక్కన మాత్రం బియ్యపు గింజంత తుప్పు మచ్చ. బండి మొత్తాన్ని పట్టి ఆపింది ఆ మచ్చే. ఇంకొన్ని నొక్కులకు పిస్టన్ గ్రీజు ముద్దతో సహా చెక్క మీదికి మెత్తగా జారింది. ఇరవై నిమిషాల ముందు దాన్ని సుత్తితో కదిలించబోయిన మా బావ నోరు తెరిచి చూశాడు.

మెత్తగా వస్తుంది కదా అని గన్‌ను తేలిగ్గా తీసుకోకండి. చేతి గన్ కూడా చదరపు సెంటీమీటరుకు వందల కిలోల ఒత్తిడి పుట్టిస్తుంది. జాయింటు దగ్గర సూదిలా చిమ్మిన గ్రీజు చర్మంలోకి దూసుకుపోగలదు. పైకి చీమ కుట్టినంత గుర్తే ఉంటుంది, మొదట నొప్పి కూడా తెలియకపోవచ్చు, కానీ అది వెంటనే ఆపరేషను అవసరమయ్యే గాయం. ఆ గుర్తు కనబడితే ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి. పగుళ్లున్న గొట్టంతో గన్ వాడకండి, కారుతున్న చోటును వేలితో తడమకండి.

ఇక అసలు చాకిరీ పిస్టన్ వచ్చాకే. బ్రేక్ సీళ్లు ఎక్కువగా ఈపీడీఎం అనే రకం రబ్బరువి. వాటికి మామూలు గ్రీజు, పెట్రోలు, కిరోసిన్, ఇంజన్ ఆయిల్ ఏవీ పడవు, ఉబ్బిపోతాయి. అందుకే పాత సీళ్లు పారేయాలి, గ్రీజు ఆనవాలు కూడా లోపల ఉండకూడదు. రెండోసారి బావ బండి చేసినప్పుడు నేను ఇక్కడే తప్పు చేశాను. రెండు పిస్టన్ల గదులను కలిపే సన్నని దారిలో గ్రీజు మిగిలిపోయింది. రెండు నెలలకు దేవరకొండ నుంచి ఫోను చేసి “తోస్తే బండి కదలడం లేదు బావా” అన్నాడు. విప్పితే కొత్త సీళ్లు గాడిలో పట్టక బయటికి ఉబ్బి ఉన్నాయి. ఆ బండి మీద మా అక్క, పిల్లలు తిరుగుతారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి బ్లీడ్ నిప్పల్ కూడా ఊడదీసి, ప్రతి రంధ్రంలో నైలాను కుంచె తిప్పి, బ్రేక్ క్లీనర్ కొట్టి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో కడిగి, ఒక పక్క టార్చి పెట్టి ఇంకో పక్క నుంచి వెలుతురు వస్తుందో లేదో చూస్తాను. ఆఖరున కొత్త బ్రేక్ ఆయిల్‌తో తడిపిన తెల్లగుడ్డ లోపల తిప్పితే మరక పడకూడదు.

ఆయిల్‌ను ఆపే సీలు కూర్చునే గాడిని చాలామంది చూడరు. లివరు నొక్కినప్పుడు ఆ సీలు పిస్టన్‌తో పాటు కొంచెం వంగుతుంది, వదిలాక తన రూపానికి వస్తూ పిస్టన్‌ను వెనక్కి లాగుతుంది. దాన్ని వెనక్కి తెచ్చే స్ప్రింగు వేరే లేదు. గాడిలో తుప్పు పొక్కు కట్టితే సీలు పైకి లేచి పిస్టన్‌ను నొక్కి పట్టుకుంటుంది, అప్పుడు కొత్త పిస్టన్ వేసినా బ్రేకు పట్టే ఉంటుంది. నేను వెదురు పుల్ల చెక్కి గీకుతాను, మొండి పొక్కులకు ఇత్తడి బ్రష్షు వాడతాను. చాకు పెట్టను. పదకొండింటిలో రెండు కాలిపర్లకు సిలిండరు గోడే గుంటలు పడి ఉంది. అవి తిరిగి బిగించలేదు, కొత్తవి కొనిపించాను.

బిగించేటప్పుడు సీళ్లను కొత్త బ్రేక్ ఆయిల్‌తో తడిపితే పిస్టన్ వేళ్లతోనే నిటారుగా దిగుతుంది. ఆయిల్‌లోని గాలి తీసి, లివరు గట్టిపడేదాకా నొక్కి, ఇంటి ముందు నడక వేగంలో చూసి, మర్నాడు ఆయిల్ చెమ్మ ఉందేమో తడిమి చూశాకే రోడ్డెక్కాలి. హ్యాండ్ బ్రేకు కలిసి ఉన్న కారు వెనుక కాలిపర్‌కు ఈ పద్ధతి పనికిరాదు. అందులో పిస్టన్ మర మీద ఉంటుంది, తిప్పి తీయాలి.

బోల్టు చేయించేవారు మర పిచ్చు, అంటే మరకూ మరకూ మధ్య దూరం, ముందే కొలిపించుకోవాలి. 10 మిల్లీమీటర్లలో 1.0, 1.25 రెండూ దొరుకుతాయి, తప్పుడుది బలవంతంగా తిప్పితే అల్యూమినియం మర పాడైపోతుంది. నా మొదటిది 1.25. పోయిన ఏడాది 1.0 పిచ్చుతో ఇంకోటి చేయించినప్పుడు రెండు రకాలూ ఒక్కొక్కటి అదనంగా తీసుకుని ఆ పంక్చరు షాపులో ఇచ్చి వచ్చాను. ఆ కుర్రవాడు ఇప్పుడు షాపు తానే చూసుకుంటున్నాడు. బోల్టును వెలుతురుకు పెట్టి రంధ్రంలోంచి చూశాడు. బొటనవేలి గోరు మధ్యలో నిలువు గాడి అలాగే ఉంది. “దీనికి రాగి వాషరు ఏ సైజు అన్నా?” అని అడిగాడు.